నోట్లో ఆగిన మాట

విమానం నెత్తి మీదుగా దిగుతుంటే పాఠం ఎలా చెప్పాలో ఏ ట్రైనింగు కాలేజీలోనూ నేర్పరు. నాకూ ఎవరూ నేర్పలేదు. అందుకే తొండుపల్లి బడిలో చేరిన ఏడాదికే నా గొంతు పోయింది.

అప్పటికి శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచి కొన్నేళ్ళయింది. మా ఆయనకి అక్కడ కార్గోలో ఉద్యోగం వస్తే గుంటూరు వైపు నుంచి వచ్చి శంషాబాద్ ఊళ్ళో ఒక ఇంట్లో కిరాయికి దిగాం. మా ఊళ్ళో నేను ప్రైవేటు బడిలో చెప్పేదాన్ని. ఇక్కడ ఇంట్లో కూర్చుంటే పొద్దు గడిచేది కాదు. నా నోరు మంచిది కాదు, ఎవరో ఒకరి మీద కేకెయ్యకపోతే నాకు తిన్నది అరగదు. ఆ కేకలన్నీ మా ఆయన ఒక్కడే ఎన్నాళ్ళని పడతాడు? అప్పుడు మా ఇంటి ఓనరమ్మ ఒక సంగతి చెప్పింది. పాతబస్తీ నుంచి కోడలిగా వచ్చిన ముస్లిం ఆవిడ, దక్కనీ సగం తెలుగు సగం కలిపి మాట్లాడేది. కూలీల పిల్లలకి చదువు చెప్పించే సంస్థ ఒకటి టీచర్ కోసం వెతుకుతోందట. సంస్థ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. రిటైరైన పెద్దమనుషులు కొందరు, వాళ్ళకో పాత స్కూటరు, ఒక పెట్టెడు పలకలు, అంతే.

బడి అంటే బర్రెల కొట్టం. తొండుపల్లి శివార్లో ఒక రైతుది, ఆయన్ని అందరూ బాపు అనేవాళ్ళు. ఒకప్పుడు ఆయనకి మంచి పాడి ఉండేదట, మేపడానికి చోటు లేక అమ్మేశాడు. ఖాళీగా ఉన్న కొట్టం పిల్లల కోసం ఇమ్మని మావాళ్ళు అడిగితే కిరాయి మాటే ఎత్తలేదట. బర్లు లేని కొట్టం పాడుబడతది, పిల్లలన్న ఉంటే జర సప్పుడుంటది అన్నాడట. ఆయన కోరుకున్న సప్పుడు ఆయనకి బాగానే దొరికింది.

చుట్టూ హోటళ్ళూ గోడౌన్లూ లేస్తున్న కాలం అది. వాటిని కట్టడానికి పాలమూరు వైపు నుంచి కూలీలు సంసారాలతో సహా వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. తెల్లారగానే పెద్దవాళ్ళు పనికి, పిల్లలు ఇసుక కుప్పల మీదికి. ఆ పిల్లలే నా క్లాసు. ఆరేళ్ళ వాళ్ళూ పన్నెండేళ్ళ వాళ్ళూ ఒకే కొట్టంలో, పెద్ద పిల్లల చంకల్లో చంటివాళ్ళు. చంటివాళ్ళని తేవద్దంటే పెద్ద పిల్లలూ రారు. అందుకని పాత చీరలతో దూలాలకి ఉయ్యాలలు కట్టాం. నా పిల్లలు ఒక కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు చుట్టుకుని ఊపుతూ, పలక మీద కూడికలు చేసేవాళ్ళు. చేతులు చేతుల పని చేసేవి, కాలు కాలి పని చేసేది. మొదటిరోజు ఆ వైభవం చూసి నేను నోరెళ్ళబెట్టాను.

ఇక విమానాలు. గాలి వాటం మారితే అవి దిగే దారి కూడా మారేది. కొన్నాళ్ళు అసలు వినిపించేవి కావు, కొన్నాళ్ళు ఒకదాని వెనక ఒకటి కొట్టం మీదుగానే వెళ్ళేవి. రేకులు గడగడలాడేవి. నేనా, మొండిదాన్ని. విమానానికి నేను తగ్గడమేమిటని దానికంటే గట్టిగా అరిచేదాన్ని. దీని గొంతు పక్క ఊరికి వినిపిస్తుందని మా అమ్మ నన్ను చిన్నప్పుడు తిట్టేది. అంతటి గొంతు కూడా ఒకరోజు సాయంత్రానికి ఉఫ్ అయిపోయింది. ఇంటికెళ్ళి మా ఓనరమ్మకి సైగలు చేస్తే అల్లం కషాయం కాచి ఇచ్చి, నాలుగు రోజులు చుప్ ఉండు టీచరమ్మా, ఇంటికి బర్కత్, మంచి జరుగుతది అని నవ్వింది. మా ఆయన మొహంలో వెలుగు చూడాలి మీరు.

మర్నాడు మాట రాదు, సెలవు పెట్టబుద్ధీ కాదు. కొట్టానికి వెళ్ళి ఒక పిల్ల చేతికి పుస్తకం ఇచ్చి, నువ్వు చదువు, మిగతావాళ్ళు నీతో పాటు చదవాలి అని సైగ చేశాను. ఆ పిల్లకి పదకొండేళ్ళు ఉంటాయేమో, వాళ్ళమ్మకే సరిగ్గా తెలీదు. సిమెంటు దుమ్ముకి ఎర్రబడ్డ జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు, చంకలో తమ్ముడు. తండ్రి బొంబాయి పనికి పోయాడు, పండక్కి వస్తే వస్తాడు లేకపోతే లేదు. తల్లి అక్కడే కడుతున్న ఒక హోటల్ దగ్గర కాంక్రీటు తట్టలు మోసేది. మా దగ్గర చేరేనాటికి అ ఆలు కూడా రాని ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి కథల పుస్తకాలు చదివేస్తోంది. మిర్చిబజ్జీల పొట్లం కట్టిన పేపరు ముక్క దొరికినా వదిలేది కాదు. ముక్కలో వార్త సగమే ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చి మిగిలిన సగం ఏమైందని పీక్కుతినేది. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. నువ్వు ఉత్తుత్తగ చెప్తున్నవ్ టీచర్ అని పట్టేసేది.

ఆ పిల్ల లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. కుందేలు కథ. అందరూ కలిసి చదువుతున్నారు. ఇంతలో దూరంగా విమానం. అయిపోయింది, ఇప్పుడు వీళ్ళు గోల చేస్తే నేను అరవను కూడా అరవలేను అనుకున్నాను. ఆ పిల్ల పుస్తకంలోంచి కళ్ళు తియ్యకుండా అరచెయ్యి పైకెత్తింది. కొట్టం మొత్తం ఠక్కున ఆగిపోయింది. ‘కుందేలు పరు’ అన్న దగ్గర ఆగిపోయింది. ఎవ్వరూ కదలరు, నవ్వరు, పక్కవాణ్ణి గిల్లరు. అందరి నోళ్ళూ సగం తెరుచుకుని అలాగే ఉన్నాయి. విమానం నెత్తి మీదికి వచ్చింది, వెళ్ళింది, దాని రొద ఎయిర్‌పోర్టు గోడ అవతల సన్నగిల్లింది. ఆ పిల్ల చెయ్యి దించింది. ‘గెత్తింది’ అని అంతమంది ఒక్క గొంతుతో అందుకున్నారు.

ఏం చెప్పను! పాఠాలు చెప్పీ చెప్పీ ముదిరిపోయినదాన్ని, పిల్లలు అసెంబ్లీలో ప్రార్థన కూడా కలిసి మొదలుపెట్టరని తెలిసినదాన్ని. వీళ్ళు ఒక మాటని మధ్యకి విరిచి, విమానం వెళ్ళిందాకా నోట్లో దాచుకుని, సరిగ్గా విరిగిన చోట మళ్ళీ అతికించారు. ఎవరు నేర్పారని పలక మీద రాసి అడిగాను. ఆ పిల్లకి నా ప్రశ్న వింతగా తోచింది.

“ఎవలు నేర్పుతరు టీచర్? సప్పుడైతే మాట ఇనబడదు గద. ఇనబడని మాట చెప్పుడెందుకు? నోట్ల పెట్టుకోవాలె.”

అంతే. నేను అన్నాళ్ళూ గొంతు చించుకున్న దానికి జవాబు అది.

గొంతు వచ్చాక కూడా మళ్ళీ నేను విమానంతో పోటీకి పోలేదు. అదే మా క్లాసు పద్ధతి అయింది. పిల్లలు దాన్ని ఆట కింద మార్చేశారు. విమానం వెళ్ళాక వేరే చోట అందుకున్నవాళ్ళు అవుట్, మాటని మింగేసినవాళ్ళు అవుట్, నవ్వినవాళ్ళూ అవుట్. అంపైరు ఆ పిల్లే. దాని చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని అందరూ ఓరకంట చూస్తుండేవాళ్ళు. నేను ఎక్కాలు చెప్పిస్తూ మర్చిపోయి ఒకసారి విమానం రొదలోనే మాట్లాడితే నన్నూ అవుట్ అంది. ఆ పూటంతా మూల కూర్చోబెట్టారు నన్ను.

మా ఆయనకి చెబితే నమ్మలేదు. ఆయన లెక్కల మనిషి, చూసి గానీ ఒప్పుకోడు. తన సెలవు రోజున వచ్చి కొట్టం బయట బాపు పక్కన నులక మంచం మీద కూర్చున్నాడు. బాపు రోజూ అక్కడే కూర్చుని పాఠాలు వినేవాడు, పిల్లలు ఆగినప్పుడల్లా బీడీ తాగడం కూడా ఆపేవాడు. ఆ రోజు విమానాలు బాగానే వచ్చాయి. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన, ఆ విమానాల్లో సరుకు ఎక్కించి దించేవాణ్ణి నేను, కింద ఇంతమంది మాట ఆపుకుని కూర్చుంటారని ఇన్నాళ్ళూ నాకు తెలీదు అన్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి హోటల్ పని చివరికొచ్చింది. స్లాబులు అయిపోయాయి, రంగులు మొదలయ్యాయి. తట్టలు మోసేవాళ్ళతో ఇక అక్కడ పనిలేదు. వానలు పడగానే కూలీలందరినీ పుణె వైపు తీసుకుపోతాడట మేస్త్రీ. పిల్లలు అలా వెళ్ళిపోవడం అప్పటికే చాలాసార్లు చూశాను. నిన్న ఉన్న పిల్ల ఇవాళ ఉండదు, పలక మాత్రం గూట్లో ఉంటుంది. చిన్నవాళ్ళకి కొత్తచోట ఏదో ఒక బడి దొరుకుతుందేమోనని ఆశ అయినా ఉంటుంది. ఆ పిల్ల ఎదిగింది. పుణె వెళితే తమ్ముణ్ణి ఇంకెవరికో ఇచ్చి దాని నెత్తిన తట్ట పెడతారు. ఇక అంతే.

మా సంస్థ పెద్దాయన స్కూటరేసుకుని తిరిగి తిరిగి ఒక దారి వెతికాడు. షాద్‌నగర్‌లో ఆడపిల్లలకి ఒక హాస్టల్ బడి ఉంది, బడికి దూరమైన పిల్లల్ని ఆరో తరగతిలో చేర్చుకుంటారు. తిండీ బట్టా వాళ్ళే చూస్తారు. కానీ ఒకటే షరతు, పిల్లకి చదవడం రావాలి. హెడ్మిస్ట్రెస్ ఎదురుగా నిలబెట్టి చదివించి వింటుంది. రాకపోతే మళ్ళీ ఏడాది రమ్మంటుంది. మళ్ళీ ఏడాదికి మా పిల్ల ఏ ఊళ్ళో ఉంటుందో ఎవరికి తెలుసు? చదవడం గురించి నాకు బెంగ లేదు. తల్లిని ఒప్పించడమే అసలు పని అనుకున్నాను.

హోటల్ వెనక ప్రహరీగోడ పని దగ్గర దొరికింది తల్లి. కాంక్రీటు కలిపే మిషను పక్కన ఆడవాళ్ళు తట్టలతో వరసగా నిలబడి ఉన్నారు. ఆ మిషన్ని అక్కడ మిల్లర్ అంటారు. అది తిరిగిందంటే పక్కవాళ్ళ మాట కూడా వినిపించదు. అది ఆగి ఉండటం చూసి నేను గబగబా చెప్పేశాను. హాస్టలు, తిండి, బట్ట, చదువు, పెద్ద ఉద్యోగం, అన్నీ కలగలిపి చెప్పాను. పనిలో పనిగా మొగుణ్ణీ మేస్త్రీనీ నాలుగు తిట్టాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ అంతా విన్నది. నాకంటే చాలా చిన్నది ఆమె, పాతికేళ్ళు దాటి ఎన్నో అయివుండవు.

“నా బిడ్డను నేను” అన్నది.

సరిగ్గా అప్పుడే మిల్లర్ మొదలైంది. ఆమె నోరు మూసుకుని తట్ట అందుకుంది. ఆడవాళ్ళంతా కదిలారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంపుతానంటుందా, పంపనంటుందా? ఆ ఒక్క మాట చెప్పేసి వెళ్ళొచ్చు కదా! నేను ఆమె వెనకే ఇసుకలో పడుతూ లేస్తూ తిరిగాను. పలకదు. తట్ట నింపుకుంటుంది, మోస్తుంది, పోస్తుంది, వస్తుంది. నా వైపు చూస్తుంది కూడా. ఆ చూపులో చిరాకు లేదు. అప్పుడు గమనించాను, ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ అంతే. మిషను తిరుగుతున్నంతసేపూ ఒక్కరి పెదవీ కదల్లేదు.

డ్రమ్ము ఖాళీ అయ్యి మిల్లర్ ఆగింది. ఆగిన మరుక్షణం ఆ వరసంతా ఒక్కసారి మాటల్లో పడింది. ఒకామె ‘కొడుతది మా అత్త’ అంటోంది, ఇంకొకామె ‘అందుకే గా పిల్లను తోలలే’ అంటోంది. అన్నీ మధ్యలోంచి మొదలైన మాటలు. వినేవాళ్ళకి మొదటి సగం గుర్తుంది. కొట్టంలో పిల్లలు చేసేది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ పిల్లలు ఉయ్యాలల్లో ఉన్నప్పటినుంచీ అమ్మల్ని ఇలాగే విన్నారు. నేను అక్కడ ఇసుక కుప్ప పక్కన నిలబడిపోయాను. నేను ఏం అడగడానికి వచ్చానో కూడా కాసేపు మర్చిపోయాను.

“తట్ట మొయ్యనియ్య” అన్నది ఆమె నా ముందుకొచ్చి. “పిల్లగాన్ని నేనే సంకనేసుకుంట. ఎన్నడు పోవాలె, చెప్పక్కా.”

ఇంతసేపు నన్ను చంపావు కదమ్మా, మొదటే ఒక్క ముక్క అనేసి వెళ్ళొచ్చుగా అని నేను విసుక్కున్నాను. ఆమె నవ్వింది. సగం మాట చెప్తే సగమే ఇనబడతది అక్కా అన్నది. మాట మొదలుపెట్టినంక మధ్యల ఇడిచిపెట్టరాదట, ఎంతసేపైనా సరే పూర్తిచేసే పోవాలట. వాళ్ళమ్మ కూడా అట్లనే అనేదట.

వెళ్ళే రోజు శంషాబాద్ బస్టాండుకి ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది, ఒక చేతిలో మూట. మూటలో ఏంటి అంటే బిడ్డ బట్టలు అంది. సీటు ఇస్తారో లేదో తెలీకుండానే మూట కట్టేశావా తల్లీ అన్నాను. మళ్ళ తీసుకొచ్చుడు ఎందుకక్కా అన్నది. ఆ పిల్ల తలకి నిండా నూనె, ఎర్ర రిబ్బన్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా కనబడ్డ బోర్డునల్లా చదువుతూనే ఉంది. నాకు లోపల ధీమాగా ఉంది. ఇంత చదివే పిల్లని ఎవరు కాదంటారు?

హాస్టల్ బడి రోడ్డుకి కొద్దిగా లోపల ఉంది. హెడ్మిస్ట్రెస్ చెడ్డమనిషేం కాదు, పాపం ఊపిరాడని పనిలో ఉంది. చేరడానికి వచ్చిన పిల్లల్ని వరసగా గదిలోకి పిలిచి, పెద్దవాళ్ళని వరండాలో కూర్చోమంది. కిటికీలోంచి మాకు అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. మా పిల్ల వంతు వచ్చింది. ఆమె ఐదో తరగతి వాచకం చేతికిచ్చి ఒక పాఠం చూపించింది. మా పిల్ల ఎప్పుడూ చూడని పుస్తకం అది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. వానల గురించిన పాఠం. గడగడా చదువుతోంది. నేను గర్వంగా పక్కవాళ్ళందరి వైపూ చూశాను.

“చెరువు నిండింది. పొలాలన్నీ పచ్చ”

బడి వెనక సందులో పిండి గిర్నీ ఒకటి ఉందని మాకేం తెలుసు? అది ఒక్కసారిగా మొదలైంది. కిటికీ ఊచలు కూడా అదిరాయి. అక్కడివాళ్ళకి అలవాటైన చప్పుడు, ఎవరూ పట్టించుకోలేదు. మా పిల్ల ఆగిపోయింది. పుస్తకం పట్టుకుని, నోరు సగం తెరుచుకుని, అలా నిలబడిపోయింది.

విమానం అయితే వచ్చి పోతుంది. గిర్నీ పోదే! జొన్నలో గోధుమలో మొత్తం అయిందాకా తిరుగుతూనే ఉంటుంది. హెడ్మిస్ట్రెస్ చదవమని చెయ్యి ఊపింది. తల వంచి ఏదో అడిగింది. మా పిల్ల వినయంగా ఆమె వైపు చూస్తోంది, అంతే. ఆమె కాసేపు చూసి, నిట్టూర్చి, పుస్తకం తీసుకుని పక్కనున్న ఇంకో పిల్లకి ఇచ్చింది. ఆ పిల్ల గిర్నీ మీద గొంతు పెంచి అరుస్తూ చదువుతోంది. ఏం చదువుతోందో ఎవరికి వినబడుతుంది? మా పిల్లని గోడ పక్కన నిలబెట్టారు. రాదని తేల్చేశారు.

నేను లేచాను. లోపలికి వెళ్ళి ఆ గదిని ఊడ్చిపెట్టేద్దామన్నంత ఆవేశం వచ్చింది నాకు. తల్లి నా మణికట్టు పట్టుకుంది. తట్టలు మోసిన చెయ్యి, విడిపించుకోవడం నావల్ల కాలేదు. నా చెవి దగ్గరికి వచ్చి, గిర్నీ రొదలో, తన పద్ధతి తనే తప్పి ఒక్క మాట అన్నది.

“ఆగక్కా. ఇంక నోట్లనే ఉన్నది.”

కిటికీలోంచి చూశాను. నిజమే. గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ పిల్ల నోరు ఇంకా సగం తెరిచే ఉంది. కళ్ళు చెమర్చలేదు, తల దించుకోలేదు. ఒంటి మీద ఏ కదలికా లేదు. ఇంకో పిల్ల చదివింది, ఆ తర్వాత ఇంకొకతె కూడా చదివింది. మా పిల్ల మాత్రం ఆ ‘పచ్చ’ దగ్గరే ఉంది. నేను కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు. గిర్నీ ఆగాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

దేవుళ్ళు విన్నారో లేదో గానీ కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వింతేం కాదు, రోజూ పోయేది, రోజూ దాన్ని తిట్టుకునేవాళ్ళం. గిర్నీ మూలిగి మూలిగి ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, గోడ పక్కనుంచి, చేతిలో పుస్తకం లేకుండా, అంతకుముందు కంటితో చూసిపెట్టుకున్నంతవరకూ, ఆ పిల్ల గొంతు.

“బడ్డాయి. రైతులు నాగళ్ళు కడిగి ఇంటికి వచ్చారు.”

గదిలో అందరూ అటు తిరిగారు. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పక్కనున్న తల్లి పిల్లాడి మూతి తుడుస్తోంది, తనకి ఇందులో వింతేం కనిపించనట్టు. ఆ పిల్ల చెయ్యి చాచి, పుస్తకం ఇస్తే మిగిలింది చదువుత మేడం అన్నది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి దాని వైపు చూసింది. ఇంతసేపు ఎందుకు చదవలేదమ్మా అని మెల్లగా అడిగింది.

“గిర్నీ సప్పుడున్నది గద మేడం” అన్నది పిల్ల. “మీకు ఇనబడదని ఆగిన.”

ఆమె పుస్తకం ఇచ్చింది. మా పిల్ల ఆ పాఠం చివరిదాకా చదివింది. చాలు అని ఎవరూ అనలేదు. వంటావిడ గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. అయిపోయాక హెడ్మిస్ట్రెస్ బయటికి వచ్చి, దీన్ని ఇవాళే వదిలి వెళ్తారా అని తల్లిని అడిగింది. తల్లి మూట ముందుకు జరిపింది.

గేటు దగ్గరిదాకా వచ్చింది మాతో పిల్ల. తమ్ముణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకుని తల్లికి ఇచ్చేసింది. తల్లి దాని రిబ్బను సరిచేసి, రెండు చేతులతో మొహం పట్టుకుంది.

“బిడ్డా, మంచిగ” అన్నది.

రోడ్డు మీద కంకర లారీలు. ఒకదాని వెనక ఒకటి, హారన్లు కొట్టుకుంటూ. తల్లి ఆగింది. బిడ్డ కూడా తల్లి మొహంలోకి చూస్తూ ఆగింది. లోపల అన్నాల గంట కొట్టారు. ఎవరో పెద్దపిల్ల పరిగెత్తుకొచ్చి మా పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అది వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే వెళ్ళింది. లారీలన్నీ వెళ్ళేసరికి వరండా ఖాళీ.

బస్సు పాతది. అద్దాలన్నీ గలగలలాడుతున్నాయి, ఇంజను రొద చెవులు చిల్లులు పడేట్టు ఉంది. నేనే ఉండబట్టలేక ఏదో మాట్లాడుతూ వచ్చాను. నీ కూతురు మామూలు పిల్ల కాదు, ఏమనుకున్నావో అన్నాను. పండక్కి పుణె నుంచి వచ్చి చూసుకోవచ్చు అన్నాను. ఆమె తలూపుతోంది గానీ నోరు విప్పలేదు. పిల్లాడు ఒళ్ళో నిద్రపోయాడు. దారి పొడుగునా ఆమె పెదవులు కొంచెం తెరుచుకునే ఉన్నాయి. నేను చూశాను గానీ అలసట అనుకున్నాను.

శంషాబాద్‌లో బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసి దిగిపోయాడు. గలగల ఆగిపోయింది. అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. ఆమె సీట్లో వెనక్కి, షాద్‌నగర్ వైపు తిరిగింది.

“సదువుకో” అన్నది.

తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని, పిల్లాణ్ణి భుజానేసుకుని బస్సు దిగింది.